నేల మీద పేలకూడదు, పైన పేలక మానకూడదు: విద్యార్థి రాకెట్లలో పారాచూట్ సర్క్యూట్ సంగతి

క్లుప్తంగా: ఔత్సాహికులు, విద్యార్థులు తయారుచేసే రాకెట్లలో పారాచూట్‌ను బయటికి నెట్టేది అరచేతిలో పట్టే ఒక ఎలక్ట్రానిక్ బోర్డు, దాని మాట వినే చిటికెడు మందు. అది నేల మీద పొరపాటున పేలితే చేతులకు, కళ్లకు ముప్పు. గాల్లో పేలకపోతే రాకెట్ బల్లెంలా దిగుతుంది. ఒక ప్రమాదాన్ని తగ్గించే ఏర్పాటు రెండో ప్రమాదాన్ని పెంచవచ్చు. అందుకే బోర్డును ఎప్పుడు, ఎక్కడ, ఏ వరసలో ఆన్ చేస్తున్నామన్నదే ఇక్కడ కీలకం.

తారాజువ్వ వదిలినవాళ్లెవరూ దాని పుల్ల ఎక్కడ పడిందని వెతకరు. పుల్ల తేలిక, ఎవరి మీద పడినా పెద్దగా ఏమీ కాదు. నాలుగైదు కిలోల రాకెట్ సంగతి అలా కాదు. పైకి పోయిన ప్రతి గ్రామూ కిందికి రావాల్సిందే, అది ఎంత మెల్లగా వస్తుందన్నదే ప్రశ్న.

హైదరాబాద్ కంపెనీ స్కైరూట్ తయారుచేసిన విక్రమ్-ఎస్ 2022 నవంబర్ 18న శ్రీహరికోట నుంచి ఎగిరి 89.5 కిలోమీటర్ల ఎత్తును తాకింది. అప్పటి నుంచి తెలంగాణ ఇంజినీరింగ్ కాలేజీల్లో రాకెట్ మీద మోజు బాగా పెరిగింది. 2025లో ఉత్తరప్రదేశ్‌లోని కుశీనగర్‌లో ప్రైవేటు అంతరిక్ష రంగాన్ని చూసే ప్రభుత్వ సంస్థ ఇన్-స్పేస్, ఆస్ట్రోనాటికల్ సొసైటీ ఆఫ్ ఇండియా కలిసి విద్యార్థులకు మోడల్ రాకెట్, క్యాన్‌శాట్ (డబ్బా సైజు నమూనా ఉపగ్రహం) పోటీలు పెట్టాయి. హన్మకొండ, కాజీపేట, కరీంనగర్ హాస్టళ్లలో సోల్డరింగ్ ఐరన్ పట్టుకుని కూర్చునే కుర్రాళ్లకు ఇలాంటి పోటీలు ఇప్పుడు అందే దూరంలోనే ఉన్నాయి. అయితే అందరి భయమూ మోటార్, అంటే రాకెట్‌ను పైకి తోసే మందు గొట్టం చుట్టే తిరుగుతుంది. మోటార్ అంటించేటప్పుడు మనుషులంతా దూరంగా నిలబడతారు, వైర్లు పొడుగ్గా లాగుతారు. పారాచూట్ సర్క్యూట్ దగ్గర మాత్రం మొహం ఆనించి స్క్రూ తిప్పుతారు.

## ఆ డబ్బాలో ఏముంటుంది

రాకెట్ నడుమ భాగంలో ఒక గొట్టపు డబ్బా ఉంటుంది. దాన్ని ఏవియానిక్స్ బే అంటారు, కుర్రాళ్ల మాటల్లో ఎవీ-బే. లోపల ఎత్తును కొలిచే ఆల్టీమీటర్ బోర్డు, బ్యాటరీ, స్విచ్. డబ్బా రెండు మూతల మీదా బయటివైపు చిన్న గిన్నెల్లాంటివి ఉంటాయి, వాటిలో కొద్దిగా బ్లాక్ పౌడర్, అంటే పాతకాలపు తుపాకీ మందు. అందులోకి ఈ-మ్యాచ్ దిగి ఉంటుంది. ఈ-మ్యాచ్ అంటే కరెంటుతో అంటుకునే అగ్గిపుల్ల అనుకోవచ్చు. సన్నని తీగ వేడెక్కుతుంది, దాని మీది పూత భగ్గుమంటుంది, మందు అంటుకుంటుంది, ఆ వాయువు ఒత్తిడికి రాకెట్ గొట్టం రెండుగా విడిపోయి పారాచూట్ బయటికి వస్తుంది.

ఎప్పుడు అంటించాలో ఆల్టీమీటర్‌కు గాలి ఒత్తిడి చెబుతుంది. వరంగల్ సముద్రమట్టానికి సుమారు 270 మీటర్ల ఎత్తులో ఉంది. ఇక్కడ మామూలు రోజున మీటరు పైకి వెళ్తే గాలి ఒత్తిడి సుమారు 11 పాస్కల్స్ తగ్గుతుంది. బోర్డు సెకనుకు పదుల సార్లు ఈ లెక్క చూసుకుంటూ ఉంటుంది. ఒత్తిడి తగ్గుతున్నంతసేపూ రాకెట్ పైకి పోతున్నట్టు. తగ్గడం ఆగి, పెరగడం మొదలైతే శిఖరం దాటినట్టు. ఆ శిఖరాన్నే అపోజీ అంటారు.

అపోజీ దగ్గరే పారాచూట్ ఎందుకు? అక్కడ నిలువు వేగం దాదాపు సున్నా కాబట్టి. మూడు సెకన్లు ఆలస్యమైతే చాలు, రాకెట్ అప్పటికే సెకనుకు 29 మీటర్ల వేగంతో, అంటే గంటకు వంద కిలోమీటర్లు దాటి కింద పడుతూ ఉంటుంది. ఆ వేగంలో పారాచూట్ విచ్చుకుంటే తాడు గొట్టాన్నే చీల్చుకుంటూ పోతుంది. చీలిక బట్ట జిప్ తెరిచినట్టు నిలువునా ఉంటుంది కాబట్టి దీన్ని జిప్పర్ అంటారు.

## ఒకటి చాలదా, రెండు పారాచూట్లు ఎందుకు

కిలోమీటరు ఎత్తుకు వెళ్లిన రాకెట్ అక్కడే పెద్ద పారాచూట్ విప్పుకుని సెకనుకు 6 మీటర్ల చొప్పున దిగితే నేలకు చేరడానికి 167 సెకన్లు పడుతుంది. సెకనుకు 5 మీటర్ల గాలి వీస్తుంటే ఈలోపు అది 830 మీటర్లు పక్కకు కొట్టుకుపోతుంది. అంటే ఒక ఊరి శివారు నుంచి పక్క ఊరి శివారుకు. దారిలో 11 కేవీ లైన్లు, వ్యవసాయ బావులు, గడ్డివాములు, నాలుగు వరసల రోడ్డు ఏదైనా ఉండొచ్చు.

అందుకని అపోజీ దగ్గర డ్రోగ్ అనే చిన్న పారాచూట్ మాత్రమే వస్తుంది. దాంతో సెకనుకు 25 మీటర్ల వేగంతో 200 మీటర్ల ఎత్తు దాకా దిగి, అక్కడ పెద్దది, అంటే మెయిన్ విప్పుకుంటే మొత్తం ప్రయాణం 65 సెకన్లే. కొట్టుకుపోయేది 325 మీటర్లు. పొలం దాటకుండా దిగుతుంది. సౌకర్యం ఇక్కడే ఉంది, చిక్కూ ఇక్కడే ఉంది. రెండు పారాచూట్లంటే రెండు మందు గిన్నెలు, రెండు ఈ-మ్యాచ్‌లు, రెండు ఫైరింగ్ సర్క్యూట్లు. పొరపాటుకు అవకాశం కూడా రెట్టింపు.

పారాచూట్లు రాకపోతే ఏమవుతుందో లెక్క చెబుతుంది. ఐదు కిలోల వస్తువు సెకనుకు 6 మీటర్ల వేగంతో దిగడమంటే ఆరడుగుల ఎత్తు నుంచి జారి పడ్డట్టు, 90 జౌళ్ల శక్తి. అదే రాకెట్ పారాచూట్ ఏదీ రాక ముక్కు కిందికి పెట్టి సెకనుకు 100 మీటర్లతో వస్తే 25,000 జౌళ్లు. దాని కింద రేకుల ఇల్లు ఆగదు, ట్రాక్టర్ బానెట్ ఆగదు.

## బొగ్గు బాయి నుంచి ఒక పోలిక

గోదావరిఖని, మందమర్రి, భూపాలపల్లి ప్రాంతాల వాళ్లకు ఈ సమస్య కొత్తది కాదు. భూగర్భ గనిలో బొగ్గు పేల్చే షాట్‌ఫైరర్ పని సరిగ్గా ఇదే. డిటొనేటర్ నేల మీద, చేతిలో, మోసుకెళ్లేటప్పుడు చచ్చినట్టు పడి ఉండాలి. చెప్పిన క్షణంలో మాత్రం తప్పకుండా పేలాలి. అందుకే అక్కడ డిటొనేటర్ వైర్ల రెండు కొనలూ సర్క్యూట్‌కు కలిపేదాకా ఒకదానికొకటి మెలిపెట్టే ఉంటాయి. కొనలు కలిసి ఉన్నప్పుడు బయటి నుంచి వచ్చే చిల్లర కరెంటు తీగను వేడెక్కించడం కష్టం. పేల్చే యంత్రం, అంటే ఎక్స్‌ప్లోడర్ హ్యాండిల్ గానీ తాళంచెవి గానీ ఊడదీసి షాట్‌ఫైరర్ తన దగ్గరే పెట్టుకుంటాడు. మనుషులు తప్పుకున్నాకే అది యంత్రానికి ఎక్కుతుంది. తూట పేలకపోతే వెంటనే దగ్గరికి పోరు. రాళ్ల నేలలో బావి తవ్వించుకున్న రైతులకూ ఆ చివరి నియమం తెలిసిందే.

రాకెట్ వాళ్ల భద్రతా నియమావళులు వేరే దేశంలో, వేరే అవసరానికి పుట్టినా చివరికి ఇదే చోటికి చేరాయి. అమెరికాలో నేషనల్ రాకెట్రీ అసోసియేషన్ పెద్ద రాకెట్లకు రాసుకున్న నియమాల్లో ఒకటి సూటిగా ఉంటుంది: రాకెట్ ప్రయోగించే స్థితిలో నిలబడినప్పుడు తప్ప లోపలి మందు, దాన్ని అంటించే సర్క్యూట్ పనిచేయకుండా అడ్డు ఉండాలి. వర్క్‌షాప్‌లో, ఆటోలో, టెంటు కింద బల్ల మీద ఆ సర్క్యూట్‌కు ప్రాణం ఉండకూడదు. ప్యాడ్, అంటే ప్రయోగ వేదిక మీద నిలువుగా నిలబడ్డాకే ఉండాలి.

ఒక తేడా మాత్రం ఉంది. షాట్‌ఫైరర్ చేతిలో నిర్ణయం ఉంటుంది. రాకెట్‌లో నిర్ణయం తీసుకునేది ఒక ప్రోగ్రాం. మనిషి చేయగలిగేది దానికి అధికారం ఎప్పుడు అప్పగించాలో తేల్చుకోవడమే. ఆ అప్పగింతే స్విచ్.

## అనుకోకుండా పేలేది ఎలా

బోర్డుకు కరెంటు అందిన మొదటి క్షణం చాలా ప్రమాదకరం. సొంతంగా ఫ్లైట్ కంప్యూటర్ తయారుచేసే విద్యార్థులు ఎక్కువగా వాడే చిప్‌లలో ఈఎస్‌పీ32 ఒకటి. చవక, దొరుకుతుంది, ప్రోగ్రాం రాయడం సులువు. అయితే దాని కొన్ని పిన్నులు, ఉదాహరణకు 14, 15 నంబర్లవి, బోర్డు ఆన్ కాగానే మన ప్రోగ్రాం మొదలయ్యే లోపే తమంతట తాము పైకి లేస్తాయి, అంటే వాటి మీదికి వోల్టేజి వచ్చేస్తుంది. లేదా మిణుకుమిణుకుమంటాయి. ఎల్ఈడీ తగిలించి ఉంటే అది ఒకసారి మెరుస్తుంది, ఎవరూ పట్టించుకోరు. అదే పిన్ను ఈ-మ్యాచ్‌ను అంటించే ట్రాన్సిస్టర్‌కు కలిపి ఉంటే ఆ మెరుపే పేలుడు. మనం రాసిన ప్రోగ్రాంలో వెతికితే తప్పు ఎక్కడా కనపడదు, ఎందుకంటే అప్పటికి ప్రోగ్రాం నడవడమే మొదలుకాలేదు.

దీనికి చాలామంది చెప్పే విరుగుడు, ట్రాన్సిస్టర్ గేటుకూ (దాన్ని ఆన్ చేసే కాలు) సర్క్యూట్ గ్రౌండ్‌కూ (బ్యాటరీ మైనస్ వైపు) మధ్య ఒక 10 కిలో ఓమ్‌ల రెసిస్టర్. అది అవసరమే. గేటు గాల్లో వేలాడకుండా కింద కట్టేసి ఉంచుతుంది. కానీ చిప్ తనే పిన్నును పైకి నెడుతుంటే ఈ రెసిస్టర్ ఆపలేదు. ఆన్ అయ్యేటప్పుడు కదలని పిన్నును ఎంచుకోవాలి. దానికితోడు ఈ-మ్యాచ్‌కు కరెంటు వెళ్లే దారిలోనే వేరుగా ఒక మెకానికల్ స్విచ్ ఉండాలి. బోర్డు లేచి, బీప్‌లు కొట్టి, తాను బాగానే ఉన్నానని చెప్పాకే ఆ రెండో స్విచ్ ఆన్ చేయాలి. ప్రోగ్రాంలో రాసిన అడ్డును ఈ స్విచ్‌తో సమానంగా లెక్కించడం సరికాదు.

రెండో దారి గాలి ఒత్తిడి. బోర్డు ఆన్‌లో ఉండగా ఎవీ-బేను గొట్టంలోకి నెడితే లోపలి గాలి నొక్కుకుంటుంది, తర్వాత మెల్లగా బయటికి పోతుంది. బయట ఏమీ జరగలేదు, లోపలి సెన్సర్‌కు మాత్రం ఎత్తు మారినట్టే ఉంటుంది. కారులో ఆన్‌లో ఉన్న బోర్డు పెట్టుకుని డోరు ధడేల్మని వేసినా అంతే. మంచి ఆల్టీమీటర్లు ఇలాంటి గంతులను వడకడతాయి, పదుల మీటర్ల ఎత్తు దాటితే తప్ప ప్రయోగం మొదలైనట్టు ఒప్పుకోవు. సొంతంగా రాసిన ప్రోగ్రాంలో ఆ వడపోత ఉందో లేదో రాసినవాడికే తెలియాలి.

వెలుతురు కూడా ఒక కారణమంటే వింతగా ఉంటుంది. బీఎంపీ280 లాంటి చిన్న ఒత్తిడి సెన్సర్లకు పైన సూది బెజ్జం ఉంటుంది. అందులోంచి ఎండ నేరుగా లోపలి సిలికాన్ మీద పడితే రీడింగ్ మారిపోతుంది. రాకెట్ గొట్టానికి గాలి కోసం పెట్టిన రంధ్రం, పదకొండు గంటల ఎండ, సెన్సర్ బెజ్జం ఒకే వరసలోకి వస్తే బోర్డు లేని ఎత్తును చూస్తుంది. సెన్సర్ మీద చిన్న నల్ల స్పాంజి ముక్క అతికిస్తే సమస్య పోతుంది. ఖర్చు రూపాయి కూడా కాదు.

ఇక ఈ-మ్యాచ్‌ను పరీక్షించే పద్ధతి. మామూలు మల్టీమీటర్ ఓమ్స్ చూసేటప్పుడు పంపేది మిల్లీ ఆంపియర్ స్థాయి కరెంటు. ఈ-మ్యాచ్ అంటుకోవడానికి దానికి కొన్ని వందల రెట్లు కావాలి. కాబట్టి మంచి మీటర్‌తో, మందు లేకుండా, కొనను మనుషులకు దూరంగా పెట్టి చూడవచ్చు. ఎలక్ట్రీషియన్లు వాడే టెస్ట్ ల్యాంపుతో గానీ, తొమ్మిది వోల్టుల బ్యాటరీకి తాకించి గానీ చూస్తే అది పరీక్ష కాదు, అంటించడమే. వాకీ-టాకీని, రాకెట్ నుంచి కిందికి సమాచారం పంపే టెలిమెట్రీ ట్రాన్స్‌మిటర్‌ను ఈ-మ్యాచ్ వైర్లకు ఆనించి పెట్టడం కూడా మంచిది కాదు. పొడుగ్గా, విడివిడిగా ఉన్న వైరు యాంటెన్నాలా పనిచేస్తుంది. రెండు వైర్లనూ జడలా మెలేసి, వీలైనంత పొట్టిగా ఉంచితే ఆ బెడద చాలావరకు తగ్గుతుంది.

## పేలాల్సినప్పుడు పేలకపోతే

గాల్లో విఫలమయ్యే కారణాలు ఇంకా మామూలువి. వదులు వైరు, అరిగిన బ్యాటరీ. మోటార్ అంటుకున్న క్షణంలో రాకెట్ మీద భూమ్యాకర్షణకు పది రెట్ల బలం పడిందనుకుంటే 45 గ్రాముల బ్యాటరీ దాదాపు అరకిలో బరువున్నట్టు వెనక్కి లాగుతుంది. క్లిప్పు ఊడడానికి అది చాలు. అందుకే బ్యాటరీని జిప్ టైలతో బిగిస్తారు. జారుడు స్విచ్ అయితే అది జరిగే దిశ రాకెట్ పొడవుకు అడ్డంగా ఉండేలా పెడతారు. నిలువుగా పెడితే ఆ ఊపుకు స్విచ్ తనే ఆఫ్ అయిపోవచ్చు.

తక్కువమంది ఊహించే కారణం ఇంకొకటి ఉంది. కొన్ని ఈ-మ్యాచ్‌లు అంటుకున్నాక తెగిపోకుండా షార్ట్ అయి మిగిలిపోతాయి. డ్రోగ్ పేలింది, పారాచూట్ వచ్చింది, అంతా బాగానే ఉంది. కానీ ఆ షార్ట్ బ్యాటరీని పీల్చేస్తోంది, వోల్టేజి పడిపోయింది, చిప్ ఒక్క క్షణం ఆరిపోయి మళ్లీ లేచింది. లేచాక దానికి గతం గుర్తుండదు. తాను ప్యాడ్ మీదే ఉన్నానని, ప్రయోగం కోసం ఎదురుచూడాలని అనుకుంటుంది. పైనుంచి రాకెట్ పడుతూనే ఉంటుంది, మెయిన్ రాదు. దీనికి విరుగుడు, చిప్‌కు వేరుగా ఒక బ్యాటరీ, లేదా క్షణం పాటు నిలబెట్టే పెద్ద కెపాసిటర్, దాని ముందు కరెంటును ఒకే వైపు పోనిచ్చే ఒక డయోడ్. ఫైరింగ్ కరెంటును కూడా సెకను లోపే ఆపేయాలి.

ధ్వని వేగాన్ని దాటే రాకెట్లకు మరో చిక్కు. ఆ వేగం దగ్గర గొట్టం చుట్టూ ఏర్పడే అఘాత తరంగాలు రంధ్రాల దగ్గర ఒత్తిడిని ఒక్కసారి పెంచుతాయి. ఒత్తిడి పెరిగిందంటే దిగుతున్నామని ఆల్టీమీటర్ నమ్మి, సెకనుకు మూడు వందల మీటర్లు దాటిన వేగంలో పారాచూట్ వదిలేస్తుంది. తర్వాత మిగిలేది గుడ్డ పేలికలే. అందుకే ఆ దశలో ఒత్తిడి రీడింగ్‌ను నమ్మొద్దని ప్రోగ్రాంలో చెబుతారు, లేదా త్వరణాన్ని కొలిచే సెన్సర్‌ను తోడు తీసుకుంటారు.

పెద్దవాళ్లకూ ఇవి తప్పలేదు. సౌర పవన కణాలను మోసుకొచ్చిన నాసా జెనెసిస్ క్యాప్సూల్ 2004 సెప్టెంబర్ 8న యూటా ఎడారిలో గంటకు సుమారు 310 కిలోమీటర్ల వేగంతో నేలను గుద్దుకుంది. వాతావరణంలోకి దిగుతున్నప్పుడు వేగం ఒక్కసారిగా తగ్గడాన్ని పసిగట్టాల్సిన చిన్న స్విచ్‌లు డిజైన్‌లోనే తలకిందులుగా ఉన్నాయి. ఆ తప్పును పట్టుకోగలిగిన పరీక్ష చేయలేదు. డ్రోగ్‌కు ఆదేశమే అందలేదు.

2023 సెప్టెంబర్ 24న బెన్ను గ్రహశకలం మట్టిని తెచ్చిన ఒసైరిస్-రెక్స్ క్యాప్సూల్‌దీ ఇలాంటి కథే, ముగింపు మాత్రం మంచిది. అందులో డ్రోగ్ తెరుచుకోవాల్సిన సమయంలో దాని తాడు తెగింది. నాసా తర్వాత చెప్పిన కారణం ఒకే ఒక్క మాట, ‘మెయిన్’. ఆదేశం పంపే వైపు కాగితాల్లో మెయిన్ అంటే పెద్ద పారాచూట్. అందుకునే వైపు కాగితాల్లో మెయిన్ అంటే డ్రోగ్‌ను బయటికి పంపే పేలుడు పరికరం. వైర్లు ఆ మాటను బట్టే కలిశాయి. పెద్ద పారాచూట్ ఆ వేగాన్ని కూడా తట్టుకుని విచ్చుకోవడంతో నమూనా దక్కింది. కాలేజీ ల్యాబులో ఎవీ-బే మీద మార్కర్‌తో రాసే ‘ఎం’, ‘డి’ అక్షరాల విలువ ఎంతో ఈ ఉదంతం చెబుతుంది. ఎవరు చూసినా ఒకే అర్థం వచ్చేలా ‘చిన్న గొడుగు, పైన’, ‘పెద్ద గొడుగు, కింద’ అని తెలుగులో రాసినా తప్పేమీ లేదు.

ఒకటి విఫలమైతే ఆదుకోవడానికి రెండో ఆల్టీమీటర్ పెట్టడం మంచి పద్ధతే. గగన్‌యాన్ క్రూ మాడ్యూల్‌కు మూడు పెద్ద పారాచూట్లుంటాయి, సురక్షితంగా దిగడానికి రెండు చాలు. అయితే రెండు ఆల్టీమీటర్లను ఒకే బ్యాటరీకి, ఒకే స్విచ్‌కు తగిలిస్తే అవి రెండు కాదు, ఒకటే. విడి బ్యాటరీ, విడి స్విచ్, విడి ఈ-మ్యాచ్, విడి మందు గిన్నె ఉంటేనే జంట. రెండోది ఒకటి రెండు సెకన్లు ఆలస్యంగా పేలేలా పెడతారు. రెండూ ఒకేసారి పేలితే గొట్టమే పగలవచ్చు.

## ఊరగాయ సీసాలో ఎగిరే రాకెట్

ఇన్ని దారుల్లో ఎక్కడ తప్పుందో తెలుసుకోవడానికి ఎగరేయక్కర్లేదు. మూత గట్టిగా పట్టే ఊరగాయ సీసాలో బోర్డును పెట్టి, ఈ-మ్యాచ్‌ల బదులు రెసిస్టర్‌తో రెండు ఎల్ఈడీలు తగిలించి, మూతకు బెజ్జం చేసి పెద్ద సిరంజితో గాలి లాగితే చాలు. ఒత్తిడి 50 మిల్లీబార్లు, అంటే 5,000 పాస్కల్స్ తగ్గితే ఆ బోర్డుకు అది సుమారు 450 మీటర్ల ఎత్తు. సిరంజి మెల్లగా వదులుతూ ఉంటే మొదటి ఎల్ఈడీ శిఖరం దగ్గర, రెండోది మెయిన్ ఎత్తు దగ్గర వెలగాలి. మధ్యలో ఒకసారి బ్యాటరీ వోల్టేజి కావాలని తగ్గించి చూస్తే బోర్డు గతం మరిచిపోతుందో లేదో కూడా తేలుతుంది. బల్ల మీద, మందు లేకుండా, సాయంత్రం ఒక గంటలో అయ్యే పని. జెనెసిస్‌కు కొరవడింది ఇలాంటి పరీక్షే.

## ప్యాడ్ దగ్గర వరస

ప్రయోగం రోజున జరిగేది ఇలా ఉండాలి. మందు గిన్నెలు నింపే చోట ఒకరిద్దరే ఉంటారు, కళ్లద్దాలతో. నైలాన్ పారాచూట్, పాలిథీన్ కవర్లు పొడి చలికాలంలో స్థిర విద్యుత్తును పుట్టిస్తాయి కాబట్టి అవి పక్కన ఉండవు. ఈ-మ్యాచ్ కొనలు మెలిపెట్టే ఉంటాయి. వాటిని టెర్మినళ్లకు బిగించే సమయానికి బ్యాటరీ దారి తెగి ఉందని ఒకరు పైకి చదివి, ఇంకొకరు చేత్తో తాకి చూసి చెబుతారు. అక్కడి నుంచి రాకెట్‌ను మోసేటప్పుడు దాని రెండు కొనలూ ఎవరి వైపూ ఉండవు.

ప్యాడ్ మీద రాడ్‌కు ఎక్కించి నిలువుగా నిలబెడతారు. అప్పుడు స్విచ్. గొట్టం పక్క రంధ్రంలోంచి సన్నని స్క్రూడ్రైవర్ దూర్చి తిప్పే వ్యక్తి చేయి చాచి, మొహం పక్కకు పెట్టుకుని నిలబడతాడు. ఎవీ-బే బీప్‌లు మొదలవుతాయి. చాలా రకాల ఆల్టీమీటర్లలో ఒక బీప్ అంటే డ్రోగ్ సర్క్యూట్ మాత్రమే కలిసింది, రెండంటే మెయిన్ మాత్రమే, మూడంటే రెండూ. మూడు బీప్‌లు, చిన్న విరామం, మళ్లీ మూడు. గాలి హోరులో, పక్కనే జనం కేకల్లో లెక్క తప్పడం తేలిక కాబట్టి ఇద్దరు విడివిడిగా లెక్కపెట్టి ఒకే అంకె చెప్పాలి. రెండు ఆల్టీమీటర్లుంటే ఒకటి ఆన్ చేసి, బీప్‌లు విని, తర్వాతే రెండోది.

మోటార్‌ను అంటించే ఇగ్నైటర్ దీని తర్వాతే పెట్టాలి. ముందు మోటార్ సిద్ధం చేసి తర్వాత ఆల్టీమీటర్ ఆన్ చేస్తే, ఆ నడుమ ఏ కారణంతో మోటార్ అంటుకున్నా పారాచూట్ లేని రాకెట్ పైకి పోతుంది, అదీ పక్కన మనిషి నిలబడి ఉండగా. ప్రయోగం రద్దయితే వరస తిరగబడుతుంది. మొదట ఇగ్నైటర్ తీయాలి, ఆ తర్వాత ఆల్టీమీటర్ ఆఫ్. బటన్ నొక్కినా మోటార్ అంటుకోకపోతే లాంచర్ తాళంచెవి తీసి, కనీసం ఒక నిమిషం ఆగి గానీ దగ్గరికి వెళ్లకూడదన్నది ఆ నియమావళుల్లోని మరో అంశం. ఎండలో ఆ నిమిషం చాలా పొడుగ్గా అనిపిస్తుంది. టెన్షన్‌లో ముందే పరుగెత్తేవాళ్లు ఉంటారు కాబట్టి గడియారం చూసేవాళ్లు వేరే ఉండాలి.

## మన ఎండ, మన పొలాలు

విదేశీ మాన్యువళ్లలో ఉండని సంగతి రామగుండం ఎండ. మే నెలలో ఉత్తర తెలంగాణలో 44, 45 డిగ్రీలు మామూలే. ముదురు రంగు గొట్టం ఎండలో గంట నిలబడితే లోపల అంతకన్నా చాలా ఎక్కువ. త్రీడీ ప్రింటర్‌తో పీఎల్ఏ ప్లాస్టిక్‌లో తయారుచేసిన ఎవీ-బే చట్రం 60 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది. బ్యాటరీని పట్టి ఉంచిన గూడు వంగితే జిప్ టై వదులవుతుంది. ఆ తర్వాత ఏమవుతుందో పైన చూశాం. లిథియం పాలిమర్ బ్యాటరీలకూ ఆ వేడి మంచిది కాదు. తెల్ల రంగు, తడి గుడ్డ, పొద్దున్నే ప్రయోగం, ఈ మూడే ఉపాయాలు. తెల్లవారుజామున గాలి కూడా తక్కువ.

వరి కోతలయ్యాక ఖాళీ పొలాలు చూడ్డానికి బాగానే ఉంటాయి గానీ ఎండిన కొయ్యకాళ్లు ఒక్క నిప్పురవ్వకు అంటుకుంటాయి. ప్యాడ్ చుట్టూ చాలా మేర చదును చేసి తడపాల్సిందే.

## చట్టం ఎక్కడుంది

బ్లాక్ పౌడర్ మన దేశంలో పేలుడు పదార్థమే. 1884 నాటి ఎక్స్‌ప్లోజివ్స్ యాక్ట్, 2008 నాటి ఎక్స్‌ప్లోజివ్స్ రూల్స్ కిందికి వస్తుంది. వాటిని అమలుచేసే పెసో సంస్థ ప్రధాన కార్యాలయం నాగ్‌పుర్‌లో ఉంది. లైసెన్సు లేకుండా తయారుచేయడం నేరం. దీనికి అడ్డదారిగా దీపావళి పటాకులు విప్పి మందు తీయడం మరీ ప్రమాదం. సుతిలి బాంబులోని మందు తుపాకీ మందు లాంటిది కాదు. మెల్లగా నెట్టదు, ఒక్కసారిగా బద్దలు కొడుతుంది. పీవీసీ పైపుతో చేసిన గొట్టమైతే ముక్కలు కత్తుల్లా ఎగురుతాయి. డ్రోన్లకు ఇచ్చిన గ్రీన్ జోన్, అంటే ముందస్తు అనుమతి లేకుండా ఎగరేయగల ప్రాంతం, రాకెట్లకు వర్తిస్తుందనుకోవడం కూడా పొరపాటే. 2021 డ్రోన్ రూల్స్ రాకెట్ల కోసం రాసినవి కావు.

అందుకే మొదటి రాకెట్లకు మందు లేని దారి మేలు. స్ప్రింగు, దాన్ని పట్టి ఉంచే సర్వో మోటార్ కొక్కెం. చిన్న రాకెట్‌కు ఇది చాలు. నొక్కిపెట్టిన స్ప్రింగు కూడా వేళ్లను, కళ్లను గాయపరచగలదు, కాబట్టి ప్యాడ్ వరస మారదు. పొరపాటు జరిగితే కలిగే నష్టం మాత్రం తగ్గుతుంది.

## పత్తి చేలో దిగాక

రాకెట్ దిగడంతో పని అయిపోయిందని అందరూ అటువైపు ఉరుకుతారు. నేల మీద పడున్న రాకెట్‌లో ఒక మందు గిన్నె పేలకుండా మిగిలి ఉండొచ్చు. రెండో ఆల్టీమీటర్ ఇంకా మెలకువగానే ఉండొచ్చు. జెనెసిస్ శకలాల దగ్గరికి వెళ్లినవాళ్లకు ఎదురైన మొదటి చిక్కు కూడా ఇదే. పారాచూట్‌ను విసరాల్సిన మోర్టార్ పేలకుండా అలాగే ఉంది.

అందుకని ముందు ఒక్కరే, పక్క నుంచి, గొట్టం కొనలకు ఎదురు రాకుండా వెళ్తారు. మెయిన్ బయట ఉందా, డ్రోగ్ బయట ఉందా చూస్తారు. ఏదైనా లోపలే ఉంటే గొట్టాన్ని లాగరు, ఊపరు. ముందు స్విచ్ ఆఫ్ చేసి, బీప్‌లు ఆగాయని విని, ఈ-మ్యాచ్ వైర్లు విప్పి కొనలు మెలిపెడతారు. ఎత్తు ఎంత వచ్చిందన్న ఉత్సాహం తర్వాత.

అయితే రాకెట్ దగ్గరికి ముందు చేరేది చాలాసార్లు దాన్ని ఎగరేసినవాళ్లు కాదు. పత్తి ఏరే కూలీలో, మేకలు కాసే పిల్లలో అయి ఉంటారు. గొట్టం మీద కాలేజీ లోగో, స్పాన్సర్ల స్టిక్కర్లు మెరుస్తుంటాయి, హెచ్చరిక ఉంటే ఇంగ్లిష్‌లో ఉంటుంది. దానికన్నా పెద్ద అక్షరాల్లో ‘ముట్టుకోవద్దు, లోపల పేలే మందు ఉంది, ఈ నంబరుకు ఫోన్ చేయండి’ అని తెలుగులో రాయాలి. ప్రయోగానికి ముందు రోజే చుట్టుపక్కల రైతులకు, సర్పంచ్‌కు చెప్పాలి. ఎగరేసిన తర్వాత రాకెట్ కనపడకుండా పోతే చీకటి పడిందని వెతకడం ఆపి ఇంటికి పోకూడదు.